ఉగ్రవాద కేసుల్లో న్యాయవాది పని తీర్పుతోనే ముగుస్తుందా?

ప్రశ్న (న్యాయశాస్త్ర విద్యార్థి):
ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2001లో చేసిన 1373వ తీర్మానం ఉగ్రవాదానికి నిధులు అందకుండా చూడడం, నేరాలకు శిక్షలు విధించడం వంటి వాటి మీద దృష్టి పెట్టింది. 2017 డిసెంబరు నాటి 2396వ తీర్మానం మరో అడుగు వేసి, విదేశీ యుద్ధరంగాల నుంచి తిరిగి వచ్చినవారిని విచారించడంతో పాటు వారి పునరావాసానికి, వారిని జనజీవన స్రవంతిలో కలపడానికి కూడా వ్యూహాలు ఉండాలని సభ్యదేశాలను కోరింది. ఈ రెండో పని కౌన్సెలర్లది, పోలీసులది మాత్రమేనని, న్యాయవాదికి అందులో చోటు లేదని మా తరగతిలో వాదన వచ్చింది. నిజంగానే లేదా?

జవాబు 1 (క్రిమినల్ న్యాయవాది):
చోటు ఉంది. ఆ చోటు ఖాళీగా ఉన్నప్పుడు ఏం జరుగుతుందో చెబుతాను. శిక్ష పూర్తయిన ఒక కక్షిదారు విడుదల షరతులలో ‘సహనిందితులెవరితోనూ ఎలాంటి సంబంధమూ పెట్టుకోరాదు’ అని ఉంది. సహనిందితులలో ఒకరు ఆయన సొంత అన్న. ఇద్దరికీ ఉన్నది ఒకటే ఇల్లు. అంటే జైలు నుంచి ఇంటికి వెళ్లి గడప దాటిన మరుక్షణమే ఆయన షరతు ఉల్లంఘించినట్లు లెక్క. ఆ కాగితాన్ని విడుదలకు ముందే చదివి, షరతు సవరించమని కోర్టును కోరేవారు లేకపోతే ఆ మనిషి వారం తిరక్కుండా మళ్లీ జైలుకు వెళ్లేవారు, పునరావాసం విఫలమైందని నివేదిక రాసేవారు.

అంతకంటే చిక్కైన విషయం కౌన్సెలింగ్. మనసు విప్పి మాట్లాడితేనే మార్పు వస్తుందని కౌన్సెలర్ చెబుతారు. కానీ అక్కడ చెప్పిన పాత సంగతి ఒకటి దర్యాప్తు సంస్థకు చేరి కొత్త కేసు కావచ్చు. మౌనంగా ఉండమని మేము సలహా ఇస్తే ‘సహకరించడం లేదు’ అని నమోదవుతుంది, విడుదల వెనక్కి పోతుంది. ఎటు తిరిగినా నష్టం కక్షిదారుకే. కాబట్టి తక్షణ ప్రమాదాన్ని సూచించే మాటలు మాత్రమే బయటికి వెళతాయని, మిగిలినవి సాక్ష్యంగా పనికిరావని కార్యక్రమం మొదలయ్యే ముందే నిబంధన ఉండాలి. విధానం రాసే బల్ల దగ్గర న్యాయవాది కూర్చోవలసింది ఇందుకే.

జవాబు 2 (జైలులో పనిచేసే కౌన్సెలర్):
పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ప్రతి సమావేశానికీ న్యాయవాది వచ్చి కూర్చుంటే ఎదుటి వ్యక్తి తన వాంగ్మూలం ఇస్తున్నట్లే మాట్లాడతాడు, అప్పుడు నా పని సాగదు. నాకు కావలసింది గదిలో న్యాయవాది కాదు, నేను రాసుకునే నోట్సు ఎవరికి చేరుతుందో ముందే స్పష్టంగా చెప్పే పత్రం. ఆ పత్రం లేని చోట నేను మొదటి రోజే ‘నాకు అన్నీ చెప్పకండి’ అని హెచ్చరించవలసి వస్తోంది. అలా మొదలైన సంభాషణలో నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

జవాబు 3 (బాధితుల తరఫు న్యాయవాది):
ఈ చర్చలో బాధితులు కనిపించడం లేదు. దాడిలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబం నిందితుడి విడుదల సంగతి వార్తల్లో చూసి తెలుసుకోవడం ఎంతమాత్రం న్యాయం కాదు. వారికి ముందుగా సమాచారం ఇప్పించడం, షరతుల మీద వారి మాట వినిపించడం కూడా న్యాయవాదుల పనే. పునరావాసాన్ని నేను వ్యతిరేకించడం లేదు. బాధితులకు తెలియకుండా దాన్ని జరపవద్దంటున్నాను.

జవాబు 4 (మానవ హక్కుల చట్టం బోధించే అధ్యాపకులు):
విద్యార్థికి రెండు ఆధారాలు. న్యాయవాదుల పాత్రపై 1990లో హవానాలో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి మౌలిక సూత్రాలలో 18వది, కక్షిదారు లేదా ఆయన ఉద్దేశాలతో న్యాయవాదిని ఒకటిగా చూడరాదంటుంది. 8వది, నిర్బంధంలో ఉన్నవారు న్యాయవాదిని కలిసేటప్పుడు అధికారుల కంటికి కనబడవచ్చు గానీ వారి చెవికి వినబడరాదంటుంది. ‘ఉగ్రవాదుల వకీలు’ అనే ముద్రకు భయపడి ఎవరూ వకాల్తా తీసుకోకపోతే మొదటి జవాబులోని షరతుల కాగితాన్ని చదివేవారే ఉండరు.

ఇక ఐసిస్ ఉగ్రవాద సంస్థ ఆధీనంలోని ప్రాంతానికి వెళ్లి, తర్వాత సిరియా శిబిరాలలో చిక్కుకున్న తమ కుమార్తెలను, మనుమలను రప్పించాలని కోరిన ఫ్రెంచి తల్లిదండ్రుల కేసులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2022 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. వెనక్కి రప్పించాలని కోరే సాధారణ హక్కు లేదంటూనే, ఆ అభ్యర్థనను నిరాకరించినప్పుడు అది ఏకపక్షంగా జరగలేదని తేల్చే స్వతంత్ర సమీక్ష ఉండాలని చెప్పి, అది లేనందుకు ఫ్రాన్సును తప్పుపట్టింది. తిరిగి వచ్చే దారే మూసి ఉన్నవారి విషయంలో ‘ఎందుకు మూశారు’ అని అడిగి కారణం రాబట్టడం దగ్గరే న్యాయవాది పని మొదలవుతుంది.