కాషాన్ గిన్నె మీద ఆ మెరుపు బంగారందేనా?

గోధుమగీత:
మ్యూజియంలో 13వ శతాబ్దం నాటి కాషాన్ (ఇరాన్‌లో ఒక ఊరు) గిన్నె ఒకటి చూశా. ఎదురుగా నిలబడితే మామూలు గోధుమరంగు బొమ్మలే, రెండడుగులు పక్కకి జరిగేసరికి అదే గీత బంగారంలా భగ్గుమంది, మళ్ళీ వెనక్కొస్తే గోధుమరంగే. నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరిగా. అసలేం పూశారండీ దానికి? ఇంకోటి, అంచు దగ్గర ఒకవైపు మాత్రం ఎర్రగా ఉంది, ఎందుకు?

మూడోకాల్పు:
బంగారం రవ్వంత కూడా ఉండదు, ఉండేవి వెండీ రాగీ మాత్రమే. ముందే గ్లేజు, అంటే గాజులాంటి పూత, వేసి కాల్చేసిన గిన్నె మీద ఆ రెండిటి లవణాల్ని జేగురుమట్టిలో కలిపి బొమ్మ గీసి మళ్ళీ బట్టీలో పెడతారు, ఈసారి 500-600 డిగ్రీలే, గ్లేజు కాస్త మెత్తబడితే చాలు. అప్పుడు గాలి తగ్గించి పొగ పెడతారు, కిటుకంతా అక్కడే. వెండి, రాగి అయాన్లు గ్లేజులోకి దిగి అక్కడున్న సోడియం, పొటాషియాన్ని బయటికి నెట్టి వాటి చోట్లో కూర్చుంటాయి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాటిని లోహంగా మార్చేస్తుంది, నానోమీటర్లలో కొలిచే రేణువులు తయారవుతాయి. అంటే మెరుపు గాజు పైన కాదు, లోపల ఉంది! ఆ పొర మందం మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. బట్టీ నుంచి తీసినప్పుడు గీతల మీద మాడిన మట్టి తప్ప ఏమీ కనపడదు, దాన్ని రుద్దితే రాలిపోయి కింద నుంచి మెరుపు బయటపడుతుంది, నేను చిన్న పలక మీద చేసి చూశా, ఆ నిమిషం చేతులు వణికాయి.

పాతగాజు:
రంగు మారడం గురించి కూడా చెప్తా. వెండి రేణువులు నీలం వైపు కాంతిని మింగేస్తాయి కాబట్టి మిగిలేది పసుపు, రాగివి ఆకుపచ్చని మింగి ఎరుపు వదుల్తాయి. ఇది ఎటు నుంచైనా కనపడే రంగు. కానీ రేణువులు ఒత్తుగా పేరుకుంటే పొర మొత్తం అద్దంలా పనిచేస్తుంది, దీపం వెలుగు దాని మీద పడి సరిగ్గా మీ కంటికి తిరిగొచ్చే కోణంలో నిలబడితేనే ఆ లోహపు మెరుపు. మీరు జరిగిన రెండడుగులు అవే.

మూడోకాల్పు:
అంచు ఎరుపు సంగతి మర్చిపోయా. వెండి తేలిగ్గా లోహమవుతుంది, రాగి అంత తొందరగా లొంగదు, పొగ గట్టిగా తగిలినవైపు రాగి కూడా మారి ఎర్రబడి ఉంటుంది అనుకుంటా. కాషాన్ కుమ్మరుల కుటుంబంవాడు అబుల్ ఖాసిం 1301లోనే ఈ పని రాసిపెట్టాడు, 72 గంటలు సన్నని పొగ పెట్టి, చల్లారాక తడిమట్టితో రుద్దమన్నాడు. మూడు రోజులు పొగని అలా సన్నగా నిలబెట్టడం ఎంత కష్టమో బట్టీ దగ్గర కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

గోధుమగీత:
అయితే ఆ ఎర్రమచ్చ పొగ ఎటు నుంచి వచ్చిందో చెప్తోందన్నమాట. ఈసారి వెళ్ళినప్పుడు లోపలి వైపు కూడా చూస్తా.