అప్‌డేట్: ఫోన్ అలసట గురించి అడిగాను కదా
పొద్దున కళ్లు తెరిచింది మొదలు పడుకునేదాకా ఫోనే, తల బరువెక్కిపోతోంది, ఏం చేయాలని అడిగాను. చాలామంది చెట్ల మధ్య నడవమన్నారు. ఇప్పుడు ఉదయాలు హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కుకు వెళ్తున్నాను. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఈ అడవి జూబ్లీహిల్స్ ట్రాఫిక్‌ను ఆనుకునే ఉంది. లోపలికి వెళ్లేకొద్దీ హారన్లు తగ్గి నెమళ్ల అరుపులు వినిపిస్తాయి. ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్తాను, అసలు కష్టం అదే. మొదట్లో చెయ్యి ఊరికే జేబులోకి పోయేది. ఇప్పుడు బండరాళ్లు, చీమల బారులు చూస్తూ నడుస్తాను. నాకేం కావాలో నన్ను నేను ప్రశ్నించుకునే తీరిక దొరికింది, ఇది మాత్రం ఊహించలేదు. రాత్రిళ్లు ఆఫీసు గ్రూపుల నోటిఫికేషన్లు ఆపేశాను, నిద్ర పడుతోంది. సలహా ఇచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. చలికాలంలో పక్షుల కోసం నగర శివారులోని అమీన్‌పూర్ చెరువుకు వెళ్లాలనుంది. ఎవరైనా వస్తారా?