బండా, ఉఠావా, వెన్నుపోటా? 2022 వార్తల మీద లొల్లి

సిరోంచ గోదారి: 2022ల మహారాష్ట్రల ఉద్ధవ్ ఠాక్రే సర్కారు పడి, ఆయన పార్టీ శివసేన నుంచే చీలిన ఏక్‌నాథ్ షిండే సర్కారు వచ్చుడు మీద చానెళ్లు పక్షపాతం చూపినయంటే నమ్మరు. 2023 మే 11న సుప్రీంకోర్టు తీర్పొచ్చిన పొద్దు చాయ్ హోటల్ల ఉన్న. టీవీ కింద పట్టీ మీద "షిండే సర్కారు సేఫ్". పక్క పెద్దాయన ఫోన్ల "గవర్నర్‌ది తప్పు". రెండూ నిజమే. బలపరీక్ష పెట్టమన్న గవర్నర్ నిర్ణయం చట్టబద్ధం కాదన్నది కోర్టు. ఉద్ధవ్ పరీక్షకు నిలవకుండనే రాజీనామా ఇచ్చిండు గనుక మళ్ల కూసోబెట్టలేమనీ అన్నది. చెరి సగం కోసుకొని అమ్ముకున్నరు.

ధర్మాబాద్ మిర్చి: అన్నా, 2019ల బీజేపీకి 105, సేనకు 56 వచ్చింది కలిసి పోటీ చేస్తెనే గద. గెలిచినంక సేన కాంగ్రెస్, ఎన్సీపీ దిక్కు దుంకితె "అఘాడీ" (కూటమి), షిండే ఇటు దుంకితె "గద్దార్". ఇది పక్షపాతం కాదా?

బల్లార్షా బండి: కిటుకంతా మాటలోనే ఉంది సోదరా. ఒకరు 'బండ్' (తిరుగుబాటు) అంటే, షిండే వర్గం 'బండ్ కాదు, ఉఠావ్' (లేచి నిలబడడం) అంది. మనకిది కొత్తా? 1995 ఆగస్టులో వైస్రాయ్ హోటల్ సంగతి కొందరికి వెన్నుపోటు, కొందరికి పార్టీని కాపాడుకోవడం. మా నాన్న పేపర్ మిల్లులో చేసేవారు. ఆ రోజుల్లో ఏ పేపరు ఏ మాట రాసిందో ఇప్పటికీ అప్పజెబుతారు, మందులేసుకోవడం మాత్రం మర్చిపోతారు.

సిరోంచ గోదారి: మాట వదిలెయ్యి తమ్మీ, చూపనిది చూడు. 2022 జూన్ 30న షిండే ప్రమాణం, ఆగస్టు 9 దాక మంత్రివర్గంల ఇద్దరే. నడుమ జులైల గోదారి గడ్చిరోలి జిల్లాల కాళేశ్వరానికి ఎదురుంగున్న మా సిరోంచ మీదికొచ్చింది. మేడిగడ్డ బ్యారేజీ వెనుకనీళ్లని మేము మొత్తుకుంటుంటె, ఫోన్ల ఏది తిప్పినా జూన్ల షిండే ఎమ్మెల్యేలు దిగిన గువాహటి హోటల్ ముచ్చటే. తెలుగు చానెళ్లకు గోదారి కాళేశ్వరం ఒడ్డుతోనే అయిపోతది. మరాఠీ వాళ్లకు గడ్చిరోలి అంటే నక్సల్సే.

ధర్మాబాద్ మిర్చి: అది పక్షపాతం కాదన్నా. మహారాష్ట్రల ఉన్న తెలుగోళ్లం మనం ఎవ్వరి లెక్కల లేం, అంతే.

సిరోంచ గోదారి: లెక్కల లేకుంటె ఎట్ల? ఓట్ల పూట యాదికొస్తం గద.

బల్లార్షా బండి: ఇంతకీ తీర్పు రోజు ఆ పెద్దాయన ఏమన్నారు?

సిరోంచ గోదారి: ఆయన చానెలే గెలిచిందట. చాయ్ పైసలు నన్నే ఇయ్యమన్నడు.