బీటాలు ఉన్నాయి, టీ విలువే కుదరట్లేదు

తార్నాక_రాత్రిబడి:
నమస్తే అండి. పీహెచ్‌డీ రెండో ఏడు. వేళ్లు కదిపేటప్పుడు తీసిన ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడు పనితీరు స్కాన్) డేటా, ఒక్క మనిషిది. 200 స్కాన్లు, డిజైన్ మ్యాట్రిక్స్‌లో (ఏ స్కాన్ అప్పుడు ఏం జరిగిందో రాసిన పట్టిక) 8 నిలువు వరసలు. ఎస్‌పీఎం (ఈ స్కాన్లు విశ్లేషించే సాఫ్ట్‌వేర్) ఇచ్చిన బీటా ఫైళ్లతో (ఒక్కో వరస ప్రభావం ఎంతో చెప్పేవి) టీ మ్యాప్, అంటే మెదడులో చోటుచోటికీ టీ విలువ, పైథాన్‌లో నేనే కట్టుకుందామని కూర్చున్నాను. కుడిచేతి బీటాలోంచి ఎడమచేతి బీటా తీసేసి, రెస్‌ఎంఎస్ ఫైలు (మోడల్‌కి అందకుండా మిగిలిన వేరియన్స్) వర్గమూలంతో భాగించాను. మ్యాప్ అచ్చం ఎస్‌పీఎం మ్యాప్‌లాగే ఉంది, ఎడమ మోటార్ కార్టెక్స్ బాగా వెలిగింది. కానీ అక్కడ ఎస్‌పీఎం 7 చూపిస్తుంటే నాకు 1.4. రెండు రాత్రులు పోయాయి. రేపు సార్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

చాయ్_బిస్కట్:
200 వర్గమూలంతో గుణించు బ్రో. మామూలు టీ టెస్ట్‌లో అంతే కదా.

తార్నాక_రాత్రిబడి:
అదీ చూశాను బ్రో, దాదాపు 20 వచ్చింది.

పాత_వోక్సెల్:
స్కాన్ల లెక్క కాదు తమ్ముడూ. మ్యాప్ ఒకేలా ఉంది, అంకెలే తేడా అన్నావు చూడు, కిటుకంతా అక్కడే ఉంది. 7ని 1.4తో భాగిస్తే 5. ఇంకో వోక్సెల్ (స్కాన్‌లో ఒక చిన్న ఘనం) తీసుకున్నా అదే 5 వస్తే, నువ్వు డిజైన్ వాటా వదిలేసినట్టే. డిజైన్ మ్యాట్రిక్స్ ట్రాన్స్‌పోజ్‌ని ఆ మ్యాట్రిక్స్‌తోనే గుణించి, ఇన్వర్స్ చేసి, రెండు పక్కలా కాంట్రాస్ట్ (నీ కుడి మైనస్ ఎడమ) పెడితే ఒక్క అంకె మిగులుతుంది. నీకది 0.04 దగ్గర ఉండాలి. దాన్ని రెస్‌ఎంఎస్‌తో గుణించాకే వర్గమూలం తీసి, దాంతో భాగించాలి.

ఆ ఇన్వర్స్ నువ్వు చెయ్యకు. హైపాస్ ఫిల్టర్ (నెమ్మదిగా జరిగే మార్పులు తీసేసేది), ఆటోకోరిలేషన్ (వరస స్కాన్లు ఒకదాన్నొకటి పోలి ఉండటం) సవరణ అయిపోయాక మిగిలిన డిజైన్‌తో ఎస్‌పీఎం లెక్కేసి పెట్టిందే ఉంది, ఎస్‌పీఎం దాచుకునే ఎక్స్‌ఎక్స్ అనే డిజైన్ వివరాల లోపల బీకోవ్ అని. ఆ సవరణ ఎస్‌పీఎంలో మెదడంతటికీ ఒకటే, అందుకే నీ తేడా అంతటా ఒకేలా వచ్చింది. ఎఫ్‌ఎస్‌ఎల్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో వోక్సెల్‌కో సవరణ, అక్కడైతే ఇంత సులువుగా దొరికేది కాదు.

రెస్‌ఎంఎస్‌ని మళ్లీ 192తో (200లోంచి 8 పోగా) భాగించేవు సుమా, ఆ భాగహారం అందులో అయిపోయింది. నేను ఒకప్పుడు అలాగే చేసి, టీ 90 దాటితే సంబరపడి ల్యాబంతా పిలిచాను.

తార్నాక_రాత్రిబడి:
మూడు వోక్సెల్స్ చూశానన్నా, మూడింటా 5. బీకోవ్ పెట్టగానే 7 దిగింది! మరి పీ విలువకి 192 వాడనా?

పాత_వోక్సెల్:
వద్దు. ఎక్స్‌ఎక్స్‌లోనే ఈఆర్‌డీఎఫ్ (సవరణల తర్వాత మిగిలే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) ఉంటుంది, అది తీసుకో. 192 కంటే తక్కువే ఉంటుంది, కంగారుపడకు. ఇక పడుకో.