అప్‌డేట్: నీటి చక్రాలపై నడిచే కల్పిత రాజ్యం ఎంతవరకు వచ్చింది

ఆవిరి యంత్రాన్ని ఎరుగక, కేవలం నీటి బలంతో పరిశ్రమలు నడుపుకొనే కల్పిత రాజ్యం నమ్మదగినదేనా అని ఇంతకుముందు అడిగాను; సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఫ్రాన్స్‌లోని ఆర్ల్ సమీపాన బార్బెగాల్‌లో రోమన్లు కొండవాలుపై 16 చక్రాలతో పిండి విసిరేవారనీ, చైనాలో క్రీ.శ. 31లోనే దూ షీ అనే అధికారి కొలిమి తిత్తులను నీటితో ఆడించాడనీ తెలిశాక, నా ఊహే చరిత్రకు వెనుకబడి ఉందనిపించింది. అందుకే సమ్మెటలను ఎత్తి వదిలే చక్రాలను, రంపపు మిల్లులను ధైర్యంగా చేర్చాను.

ఆ శక్తిని దూరానికి మోసుకుపోలేరు కాబట్టి చక్రం తిరిగే చోటే పని జరగాలి, పట్టణాలు వాగుల వెంబడి సన్నగా సాగాలి. ఎగువ ఊరు ఆనకట్ట కడితే దిగువ ఊరి సమ్మెటలు ఆగిపోతాయి కాబట్టి, రాజ్యంలో సేనాపతికన్నా తూముల అధికారికే ఎక్కువ పలుకుబడి ఉంటుంది. నిజానికి యుద్ధఘట్టాలకన్నా ఈ పదవే నాకు రుచించింది.

పైనుంచి నీరు పడే చక్రం, అడుగున ప్రవాహం నెట్టే చక్రంకన్నా దాదాపు రెండింతలు సమర్థమైనదని ఇంగ్లండ్ ఇంజనీరు జాన్ స్మీటన్ 1759లో ప్రయోగాలతో చూపాడు. కనుక నా కథలో కొండ ఊళ్లు సంపన్నమైనవి. మైదానవాసులకు మాత్రం, 537లో ముట్టడిలో ఉన్న రోమ్‌లో తూర్పు రోమన్ సేనాని బెలిసేరియస్ టైబర్ నదిపై చేయించినట్లు, పడవలకు కట్టిన తిరగళ్లనే ఇచ్చాను. వేసవిలో వాగులు ఎండినప్పుడు కార్మికులకు కూలి ఎవరివ్వాలన్నది ఇప్పుడు రాస్తున్న అధ్యాయం.