విండోస్‌ను ఉంచుకుని లినక్స్ వేయడానికి ఏ పద్ధతి మంచిది?

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ. మా లాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్. అందులోని విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఇందులో లేదు. అందుకే విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో తేలికపాటి రకమైన లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయాలనుకుంటున్నాను. లినక్స్ నాకు పూర్తిగా కొత్త.

చిక్కల్లా ఒక్కటే. మా నాన్నగారు పెళ్లి పత్రికలు, కరపత్రాలు విండోస్‌లో నడిచే పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో చేస్తారు. ఇల్లు గడిచేది ఆ పని మీదే. కాబట్టి విండోస్‌ను తీసేయడం కుదరదు. వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఇంకొకటి నడపడానికి ఈ ర్యామ్ చాలదనిపిస్తోంది. ముందుగా పెన్‌డ్రైవ్ నుంచే మింట్ నడిపి వైఫై, ప్రింటర్ పనిచేస్తాయో లేదో చూస్తాను, అంతవరకు భయం లేదు.

ఆ తర్వాతే సందేహం. ఉన్న హార్డ్ డిస్క్‌నే విభజించి రెండూ పెట్టుకోవాలా, లేక చిన్న ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) కొని లినక్స్‌ను విడిగా వేయాలా? రెండో పద్ధతిలో బూట్‌లోడర్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఏ డిస్క్ మీదికి వెళ్లాలి? ఫైళ్లన్నీ ముందే బయటి డిస్క్‌లోకి తీసిపెడతాను, అయినా నాన్నగారి పని ఒక్క రోజు ఆగినా కష్టమే, ముహూర్తాల కాలం కదా. విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే వైన్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో పేజ్‌మేకర్‌ను, అను కీబోర్డును లినక్స్‌లో నడిపినవారుంటే మీ అనుభవం తప్పక రాయండి.