ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ నిర్ణయించిన వేగాన్ని మించి నడపడం) వల్ల ప్రాసెసర్ ఆయుష్షు తగ్గుతుందా, లేక తప్పంతా వేడిదేనా?

వేగరథం: ప్రాసెసర్‌ను దెబ్బతీసేది వేడి మాత్రమేనని, ఓవర్‌క్లాకింగ్ కాదని నా వాదన. మంచి కూలర్ బిగించి, ఎంత బరువైన పనిలోనైనా 75 డిగ్రీలు దాటనివ్వకపోతే ఆయుష్షుకు ఢోకా లేదు. పైగా 100 డిగ్రీల దరిదాపులకు చేరితే నేటి ప్రాసెసర్లు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఇన్ని రక్షణలు ఉండగా కొత్తవారిని భయపెట్టడం దేనికి?

పాతబోర్డు: ఆ రక్షణ అప్పటికప్పుడు కాలిపోకుండా ఆపుతుందే తప్ప, నెమ్మదిగా సాగే అరుగుదలను ఆపదు. చిప్పులోని సన్నని లోహపు తీగల్లో ప్రవహించే ఎలక్ట్రాన్లు లోహపు పరమాణువులను కొద్దికొద్దిగా తోసుకుపోతాయి; దీన్నే ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. 1960ల చివర్లో జేమ్స్ బ్లాక్ రూపొందించిన సమీకరణం ప్రకారం, తీగలో విద్యుత్ ప్రవాహ సాంద్రత రెట్టింపైతే దాని ఆయుష్షు ఇంచుమించు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇక చిప్పులో మీటల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లను ఆన్, ఆఫ్ చేసే గేటు కింది పలుచని పొర మీద భారం వేసేది ముఖ్యంగా వోల్టేజ్. మీ కూలర్ వేడిని లాగేయగలదు గానీ, అధిక వేగం కోసం మీరు బయాస్‌లో (BIOS, మదర్‌బోర్డు సెట్టింగుల ప్రోగ్రామ్) పెంచిన వోల్టేజ్‌ను తగ్గించలేదు కదా.

వేగరథం: అదే సమీకరణంలో ఉష్ణోగ్రత ఘాతంలో ఉంటుందన్న, అంటే అది కాస్త పెరిగినా ప్రభావం బాగా పెరుగుతుందన్న సంగతి మీరు వదిలేశారు. అందులోని యాక్టివేషన్ శక్తిని (పరమాణువు కదలడానికి కావలసిన శక్తిని) 0.7 ఎలక్ట్రాన్ వోల్టులుగా తీసుకుంటే, 80 డిగ్రీల నుంచి 90కి వెళ్లేసరికి అరుగుదల సుమారు 1.9 రెట్లవుతుంది. నేను వాదిస్తున్నదీ ఇదే.

సిలికాన్‌చూపు: ఇంతకీ మీరు ఎంత వోల్టేజ్‌తో నడుపుతున్నారు?

వేగరథం: అది అప్రస్తుతం. నా ఉష్ణోగ్రత 70 డిగ్రీలు.

పాతబోర్డు: అప్రస్తుతం ఎలా అవుతుంది? 1.20 వోల్టుల నుంచి 1.35కు పెంచితే, వేగం మార్చకపోయినా, ట్రాన్సిస్టర్ల స్విచింగ్‌కు ఖర్చయ్యే శక్తి 27 శాతం దాకా పెరుగుతుంది. ఓవర్‌క్లాక్ అసలే చేయనివారికి కూడా 2024లో ఏమైందో గుర్తు చేసుకోండి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అస్థిరంగా మారితే, అధిక వోల్టేజే కారణమని ఆ సంస్థే చెప్పి, మైక్రోకోడ్‌ను (ప్రాసెసర్ లోపలి నియంత్రణ ప్రోగ్రామ్‌ను) సవరించి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది.

వేగరథం: వోల్టేజ్‌తో పాటు ఉష్ణోగ్రత పేరు కూడా ఆ సంస్థే చెప్పింది. మీకు కావలసిన సగమే చదివారు.

నిశ్శబ్దఫ్యాను: ఇద్దరూ ఒకే వాక్యాన్ని చెరో సగం పంచుకున్నారు.

పాతబోర్డు: సరే, సూటిగా చెబుతాను. ఇలాంటి ఒక వేదికలోనే ఒకరి దగ్గర వాడిన ప్రాసెసర్ కొన్నాను. కొద్ది నెలలకే, కంపెనీ నిర్ణయించిన వేగంలో కూడా, పెద్ద ఫైళ్లు విప్పుతున్నప్పుడు తప్పులు రావడం మొదలైంది. నిలదీస్తే అప్పుడు చెప్పాడు, కొన్ననాటి నుంచీ ఓవర్‌క్లాక్ చేసి వాడానని. ఎన్నడూ వేడెక్కలేదన్నది అతని సమర్థన. అచ్చం మీ మాటే!

వేగరథం: ఎవరో చేసిన దానికి నన్ను దోషిని చేయడం అన్యాయం. నేను అమ్మిన ప్రతి ప్రాసెసర్‌నూ కొనేవారి ఎదుటే గంటల తరబడి పరీక్షించి చూపించాను.

పాతబోర్డు: అంటే మీరు కూడా అమ్ముతారన్నమాట! ఈనాటి పరీక్షలో నెగ్గితే ఈనాడు పనిచేస్తోందని మాత్రమే అర్థం. తయారీలో అదనంగా ఉంచిన వోల్టేజ్ వెసులుబాటులో ఎంత ఖర్చయిందో, ఎంత మిగిలిందో ఆ పరీక్ష చెప్పదు. మీరు ఆయుష్షు అంటున్నది అది మీ చేతిలో ఉన్నంత కాలాన్నే. ఆ తర్వాతి కాలం మా వంతు.

వేగరథం: నా సొత్తును ఎలా వాడుకోవాలో నిర్ణయించే హక్కు నాది.

సిలికాన్‌చూపు: వాడుకోండి, ఎవరూ కాదనలేదు. అమ్మకపు ప్రకటనలో వాడిన వోల్టేజ్ రాయడానికి అభ్యంతరమేమిటి?

వేగరథం: రాస్తే సగం ధరకు అడుగుతారు. అది 70 డిగ్రీలు దాటలేదని మాత్రం మరోసారి మనవి చేస్తున్నాను.